తోటరాముడు ఎక్కడికీ పోలేదు!

"ఈ కాలం పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదండీ! పొద్దస్తమానం ఆ ఫోనూ, ఆ ఆటలూ... ఏమైపోతారో ఏమిటో!"

పెళ్ళి పందిట్లో, రైలు పెట్టెలో, డాక్టరు గారి గది బయట బల్ల మీద, ఎక్కడ నలుగురు పెద్దలు కూడినా ఈ మాట వినబడుతుంది. పాఠకులూ వినే ఉంటారు. కొందరు అని కూడా ఉంటారు. అయితే ఆ మాట అనే వాళ్ళ వయసు ఎప్పుడైనా గమనించారా? యాభై అయిదు, అరవై, ఆ పైన. అంటే లెక్కల పుస్తకం మధ్యలో యద్దనపూడి సులోచనారాణి నవల పెట్టుకుని చదువుతూ పట్టుబడి, వీపు మీద రెండు తిన్న తరం అన్నమాట!

ఆ రోజుల్లో పెద్దలు ఏమనేవారు? "నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారు" అనేవారు. అంతకు ముందు సినిమా చెడగొట్టింది. ఆ తర్వాత టి.వి. చెడగొట్టింది. 1987లో దూరదర్శన్ లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున వీధులు ఖాళీ అయిపోతే, దేవుడి కథ గనక సరిపోయింది గానీ, లేకపోతే దాన్నీ తిట్టేవారే. మధ్యలో వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసే రోజులు వచ్చాయి. అప్పుడు హాళ్ళ యజమానులు గుండెలు బాదుకున్నారు. చూస్తూ ఉండగానే క్యాసెట్టూ పోయింది, దాన్ని తిప్పే పెట్టే పోయింది.

కొత్తగా వచ్చిన ప్రతి వినోదమూ మొదట ముద్దాయే. కాస్త పాతబడితే పెద్దమనిషి అవుతుంది. నిన్న ముద్దాయిగా నిలబడ్డ నవల ఇవాళ సాక్షిగా బోనెక్కి వీడియో గేమ్ మీద సాక్ష్యం చెబుతోంది! నాకు నవ్వొచ్చేది అందుకే.

ఒకే వీధిలో రెండు దుకాణాలు

నేను పుట్టింది ఎనభయ్యో దశకం చివర్లో. పెరిగింది తెనాలిలో. మా వీధిలో ఎదురెదురుగా రెండు చిన్న దుకాణాలుండేవి. ఒకటి అద్దె పుస్తకాల షాపు. రోజుకి పుస్తకానికి రూపాయి. రెండోది వీడియో గేముల షాపు. గంటకి అయిదు రూపాయలు. నాలుగు పాత టి.వి.లు, వాటి ముందు నాలుగు స్టూళ్ళు, చేతుల చెమటకి అక్షరాలు చెరిగిపోయిన మీటలు.

అమ్మకి మాదిరెడ్డి సులోచన నవల తెచ్చి ఇవ్వడం నా డ్యూటీ. నాకు మధుబాబు 'షాడో'. మిగిలిన చిల్లర ఎదుటి దుకాణంలో 'మారియో'కీ, 'కాంట్రా'కీ సమర్పయామి. ఒకదానికి పోతే రెండోది మానేయాలని మాకెవ్వరికీ తోచలేదు. షాడో శత్రువుల స్థావరంలోకి దూకిన పుస్తకం మూసి రోడ్డు దాటితే, కాంట్రాలో మేమే శత్రువుల స్థావరంలోకి దూకేవాళ్ళం. అంతే తేడా.

పెద్దలకి మాత్రం ఆ రెండు దుకాణాలూ ఒక్కటే. రెండూ పిల్లల్ని చెడగొట్టేవే!

పాతాళభైరవి ఎన్ని లెవెల్సు?

చిత్రరంగం గురించి రాసుకుని బతికే వాణ్ణి కాబట్టి సినిమా వైపు నుంచే చెబుతాను. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' ఒక్కసారి గుర్తు చేసుకోండి. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. నాతో సరితూగే సంపద తెచ్చుకో అంటాడు రాజు. నేపాళ మాంత్రికుడు తగులుకుంటాడు. గుహలో ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలు. మొసలితో పోరాటం. ఆ మొసలి కాస్తా శాపం తీరి అప్సరసై రహస్యం చెప్పేస్తుంది. చివరికి బలి కావలసిన రాముడు కాకుండా బలి ఇవ్వబోయిన మాంత్రికుడే బలి అవుతాడు. కోరినది ఇచ్చే బొమ్మ రాముడి చేతికి వస్తుంది. హమ్మయ్య అనుకునే లోపల మాంత్రికుడు మళ్ళీ లేచి కూర్చుంటాడు, రాకుమారి మళ్ళీ మాయమవుతుంది!

ఇది వీడియో గేమ్ కాక మరేమిటండీ?

1985లో జపాన్ లో నిన్టెండో కంపెనీ 'సూపర్ మారియో బ్రదర్స్' విడుదల చేసింది. తయారు చేసినాయన షిగేరు మియామోటో. అందులో ఒక మీసాల మనిషి, ఎత్తుకుపోయిన రాకుమారి కోసం కోట వెంట కోట గెలుస్తూ పోతాడు. గెలిచిన ప్రతి కోటలోనూ, ఆవిడ ఇక్కడ లేదు వేరే కోటలో ఉందని చెబుతారు. మన విఠలాచార్య గారు చూసి ఉంటే, "ఇదేం కొత్త, మేం కాంతారావు చేత ఎన్నిసార్లు చేయించలేదూ" అని ఉండేవారని నా అనుమానం. కాశీమజిలీ కథల రోజుల నుంచీ మన వాళ్ళకి ఈ దారి తెలుసు. తోటరాముడు ఎక్కడికీ పోలేదు. వేషం మార్చి టి.వి. పెట్టెలోకీ, అక్కణ్ణుంచి జేబులోని ఫోనులోకీ వచ్చాడు.

కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. సినిమాలో రామారావు గారు ఓడిపోరని మనకి ముందే తెలుసు. నిశ్చింతగా పల్లీలు నమలవచ్చు. ఆటలో రామారావు మీరే! మీ చెయ్యి తడబడితే రాముడు గోతిలో పడతాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ పడతాడు. పదో సారి దాటుతాడు. పడటం నేర్పే వినోదం నాకు తెలిసి ఇదొక్కటే. బడిలో ఒక్కసారి తప్పితే ఇంట్లో సంతాపసభ. ఇక్కడ ఇరవై సార్లు తప్పినా ఎవరూ ఏమీ అనరు.

మారియో మొదటి ఘట్టం ఎలా పెట్టారో చూడండి. మీకు ఎవ్వరూ ఏమీ చెప్పరు. బొమ్మ ఎడమ వైపు నిలబడి ఉంటుంది, కుడి వైపు ఖాళీ. కాబట్టి కుడికే నడుస్తారు. ఎదురుగా ఒక పుట్టగొడుగు మొహం వాడు వస్తాడు. తగిలితే చచ్చారు. భయపడి ఎగురుతారు. ఎగిరితే పైనున్న ప్రశ్నార్థకం పెట్టె తలకి తగులుతుంది, అందులోంచి ఏదో వస్తుంది. అరనిమిషంలో ఆట మొత్తానికి కావలసిన విద్య వచ్చేసింది! ఒక్క అక్షరం చదవకుండా, ఒక్క బెత్తం దెబ్బ తినకుండా! ఇలా పాఠం చెప్పగల మాస్టార్లు మనకి ఎందరున్నారు?

అలాగే 1978లో టొమోహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'. పైనుంచి గ్రహాంతర వాసులు వరసలు కట్టి దిగుతుంటారు. వాళ్ళని కాల్చేకొద్దీ మిగిలిన వాళ్ళు వేగం పుంజుకుంటారు. అది ఆయన కావాలని పెట్టింది కాదు. తెర మీద బొమ్మలు తగ్గేసరికి యంత్రానికి బరువు తగ్గి, మిగిలినవాటిని చకచకా కదిలించేసింది. చూశాడు, బాగుందనుకున్నాడు, ఉంచేశాడు. షూటింగులో అనుకోకుండా వచ్చిన మంచి షాటుని ఎడిటింగులో తీసెయ్యని దర్శకుడి లాంటి వాడన్నమాట. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ చేసిన 'టెట్రిస్' సంగతి మరీ వేదాంతం. పైనుంచి పడే ముక్కల్ని సర్దుకుంటూ పోవడమే. అసలు రూపంలో దానికి గెలుపంటూ లేదు, ఎంతసేపు నిలబడ్డావన్నదే లెక్క. సంసారం లాగా!

మరి పుస్తకం?

ఇంత చెప్పాక, "అయితే పుస్తకాలు కట్టిపెట్టమంటారా?" అని మీరడగచ్చు. అబ్బే, ఎంతమాట!

ఆట చెయ్యలేని పని పుస్తకం చేస్తుంది. ఆటలో మీరు పరిగెడతారు, దూకుతారు, కాలుస్తారు. కానీ పక్కవాడి మనసులోకి వెళ్ళలేరు. నవలలో ఒక గడుసు అత్తగారి లోపల ఏముందో పది పేజీలు కూర్చుని వింటారు. విన్నాక ఆవిడ మీద కోపం సగం తగ్గుతుంది. ఇంకో సంగతి. పుస్తకంలో నాయిక మొహం మీరే గీసుకోవాలి. మా అమ్మ ఊహించుకున్న 'సెక్రటరీ' రాజశేఖరం వేరు, 1976లో సినిమాలో కనిపించిన నాగేశ్వరరావు గారు వేరు. ఆ రెండో ఆయన ఎంత అందగాడైనా సరే, మా అమ్మ తన మొదటి ఆయన్నే పట్టుకుని కూర్చుంది!

పైగా వారపత్రిక సీరియల్ ఒక అలవాటు నేర్పింది. నాయిక తలుపు తీసింది, ఎదురుగా... ఇంకా ఉంది! వారం రోజులు ఆగాలి. ఆ వారం రోజులూ ఇల్లంతా, ఎదురిల్లూ, పక్కిల్లూ కలిసి ఆ తలుపు వెనక ఎవరున్నారో ఊహించేది. ఇప్పుడు ఆగడం అనేది లేదు. ఒక భాగం అయ్యే లోపలే తర్వాతి భాగం తనంతట తనే మొదలవుతుంది. మారిన అలవాట్లలో నన్ను నిజంగా బాధపెట్టేది ఇదొక్కటే. పోయింది పుస్తకం కాదు, ఎదురుచూపు.

ఆ ఎదురుచూపు వల్ల చిత్రపరిశ్రమ ఎంత బాగుపడిందో తెలుసునా? నిర్మాతలు నవలలు చదివి హక్కుల కోసం రచయితల ఇళ్ళకి వెళ్ళేవారు. 1973లో 'జీవన తరంగాలు', 'మీనా' యద్దనపూడి గారివి. 1983లో 'అభిలాష', 1984లో 'ఛాలెంజ్' యండమూరి వీరేంద్రనాథ్ వి. 1986లో 'చంటబ్బాయ్' మల్లాది వెంకట కృష్ణమూర్తి గారిది. ఆ తర్వాత ఆ వరస పలచబడింది. 2012లో శ్రీరమణ గారి కథతో 'మిథునం', 2021లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలతో 'కొండపొలం' లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవలసి వస్తోంది. కథలు లేవు, కథలు లేవు అని పరిశ్రమలో వినిపించే మాటకి జవాబు పుస్తకాల బీరువాలోనే ఉందని నా నమ్మకం.

అన్నట్టు, 'చందమామ' 1947లో మొదలుపెట్టింది ఎవరు? నాగిరెడ్డి, చక్రపాణి. నాలుగేళ్ళు తిరక్కుండా 'పాతాళభైరవి' తీసింది ఎవరు? వాళ్ళే! ఆ చక్రపాణి గారూ, చందమామని దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారూ మా తెనాలి వాళ్ళే అని చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టదు. పుస్తకం ఒక శత్రువు, సినిమా ఇంకో శత్రువు అని వాళ్ళనుకోలేదు. ఒకే ఇంటి చూరు కింద రెండూ పెట్టారు.

అసలు దొంగ వేరే ఉన్నాడు

ఇప్పుడు కాస్త చేదు సంగతి.

మా వీధి గేముల షాపులో నా పక్క స్టూలు మీద కూర్చునే వాడొకడు. పేరెందుకు లెండి. కాంట్రాలో మా ఊరి ఛాంపియను. ఆట మొదట్లో మీటలు ఒక వరసలో నొక్కితే ముప్ఫయి ప్రాణాలు వచ్చే కిటుకు మాకు నేర్పిన మహానుభావుడు. పెద్దయ్యాక సెల్ ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. పెళ్ళి, ఒక కొడుకు. ఆ కొడుకు ఫోన్లో కార్ల పందెం ఆడుతుంటే చెంప మీద కొట్టి లాక్కున్నాడు ఒకసారి. నేను అక్కడే ఉన్నాను. "చదువు సంకనాకిపోతోందిరా ఈ దరిద్రపు ఆటలతో" అన్నాడు.

అదే 2019లో, అదే ఫోన్లో, వాడు రాత్రిళ్ళు స్నానాల గదిలో కూర్చుని డబ్బులకి రమ్మీ ఆడుతున్నాడని మాకు తర్వాత తెలిసింది. మొదట యాభై, తర్వాత అయిదు వందలు, తర్వాత షాపులో సరుకు కొనాల్సిన సొమ్ము. భార్య గొలుసు తాకట్టులోకి వెళ్ళింది. అప్పు నాలుగు లక్షలు తేలింది. ఇల్లంతా పిల్లవాడి మీద కాపలా కాస్తుంటే, ఇల్లు కాలిపోతున్నది తండ్రి చేతిలో!

ఒక రాత్రి బండి ఆపి నాతో అన్నాడు. "ఒరేయ్, కాంట్రాలో ముప్ఫయి ప్రాణాలుండేవిరా. దీంట్లో ఒక్కటే."

ఈ రెంటినీ విడదీసి చూడమనే నా మొర. ఆట వేరు, జూదం వేరు. మన భాషలో రెంటికీ 'ఆడటం' అనే అంటాం గనక తికమక వస్తోంది. ఆటలో ఓడితే మళ్ళీ మొదలు పెడతారు. జూదంలో ఓడితే పోయింది రాబట్టుకోవాలని మొదలు పెడతారు. ధర్మరాజు అంతటి వాడే పాచికల దగ్గర ఆగలేకపోతే, సెల్ ఫోన్ల షాపు వాడెంత! డబ్బులతో ఆడే ఆన్ లైన్ రమ్మీని తెలంగాణా 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. డబ్బు కాసే ఆన్ లైన్ ఆట నైపుణ్యంతో ఆడేదయినా, అదృష్టంతో ఆడేదయినా కూడదంది. పోటీ క్రీడలుగా ఆడే వీడియో గేములని మాత్రం విడిగా ఉంచి ప్రోత్సహిస్తామంది. నేను చెప్పే తేడానే చట్టమూ చెప్పింది. ఇళ్ళల్లోనే ఇంకా చెప్పుకోవడం లేదు.

అలాగని మామూలు ఆటలకి ప్రమాదమే లేదని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో ఆటల వ్యసనాన్ని కూడా చేర్చింది. అయితే ఎవరికి? ఆడటం తన అదుపు తప్పినవాడికి, తిండి, నిద్ర, స్నేహం, పని అన్నిటికన్నా అదే ముందుకు వచ్చినవాడికి, నష్టం కనబడుతున్నా ఆపలేనివాడికి. అదీ సాధారణంగా ఏడాది పాటు అలా సాగితే. సాయంత్రం గంటసేపు ఆడుకునే పిల్లవాడికి ఈ బిళ్ళ తగిలించకండి. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో కొబ్బరికాయ కొట్టినంత పని చేశారు. ఏమైంది? పిల్లలు ఇంకో ఆటకి మళ్ళారు. మరుసటి ఏడాది జులైలో అదే ఆట పేరు మార్చుకుని తిరిగొచ్చింది. తలుపు మూస్తే కిటికీ ఉంటుంది. పక్కన కూర్చునే మనిషే కావాలి.

వాడు చదవడం లేదా?

మా అక్క కొడుక్కి పన్నెండేళ్ళు. అక్క గోడు సరిగ్గా ఈ వ్యాసం మొదట్లో రాసినదే. "నువ్వయినా చెప్పరా తమ్ముడూ, ఒక్క పుస్తకం ముట్టడు" అంది. సరే, ఒక ఆదివారం వాడి పక్కన కూర్చున్నాను. తిట్టడానికి కాదు, చూడటానికి.

వాడు ఆడే ఆటలో మాటలు లేవనుకుంటున్నారా? పేజీలకి పేజీలు! ఏ ఆయుధం ఎలా చెయ్యాలి, ఏ రాజ్యానికీ ఏ రాజ్యానికీ వైరం, అంతా ఇంగ్లీషులో గడగడా చదువుతున్నాడు. అంటే వాడు చదవడం లేదనడం అబద్ధం. తెలుగు చదవడం లేదు. అది వేరే సంగతి. బళ్ళో తెలుగు ఒక మూలన కూర్చోబెట్టిన సబ్జెక్టు. కూడబలుక్కుని చదివేసరికి కథలో రుచి చచ్చిపోతోంది. ఆ నేరం మోయవలసింది వీడియో గేమ్ కాదు, మనం.

దీంట్లో నాకు స్వార్థం కూడా ఉందని దాచను. ఏ సంస్థలోనూ ఉద్యోగం లేదు నాకు. వ్యాసానికింత అని తెలుగు మాటలు అమ్ముకుని బతుకుతున్నాను. మా మేనల్లుడి వయసు వాళ్ళు పెద్దయ్యాక తెలుగు చదవకపోతే, నా దుకాణం కూడా ఆ అద్దె పుస్తకాల షాపులాగే మూతపడుతుంది. అక్కడ ఇప్పుడు బిరియానీ అమ్ముతున్నారు. వీడియో గేముల షాపూ మిగల్లేదు, అది కూడా చెప్పాలి. పోట్లాడుకున్నాయనుకున్న రెండు దుకాణాలూ కలిసే పోయాయి.

కథకి ఇల్లు ఒకటే కాదని పై దేశాల వాళ్ళు తెలుసుకున్నారు. పోలెండు రచయిత సప్కోవ్ స్కీ రాసిన 'విచర్' పుస్తకాల్ని అక్కడి కంపెనీ 2007 నుంచి ఆటలుగా చేస్తే, ఆ ఆటలాడిన ఇతర దేశాల వాళ్ళు పుస్తకాలు వెతుక్కుని కొన్నారు. చైనా వాళ్ళ పాత కథ 'పడమటి యాత్ర'లోని కోతివీరుణ్ణి 2024 ఆగస్టులో ఆటగా విడుదల చేస్తే మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడుపోయాయి! మన దేశంలో పుణే కుర్రాళ్ళు 2020లో 'రాజీ' అనే ఆట చేశారు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ రాక్షసుల మీదికి వెళ్ళే అక్క కథ. మన తెలుగు వాళ్ళు 2017లో 'బాహుబలి' పేరుతో ఫోను ఆట వస్తే సరదాపడ్డారు. సంతోషమే. కానీ కాశీమజిలీ కథలూ, తోకచుక్కలూ, రాకాసి లోయలూ అలా బీరువాల్లో పడి ఉన్నాయి. కంప్యూటర్లు దున్నేస్తున్న మన కుర్రాళ్ళు ఇందరున్నారే, స్వచ్ఛమైన తెలుగు మాట్లాడే మాంత్రికుడు ఒక్కడూ ఆ తెర మీద కనబడడేం?

అంతవరకూ నేను చెయ్యగలిగింది నేను చేస్తున్నాను. మేనల్లుడితో బేరం పెట్టుకున్నాను. వాడి ఆట గంటసేపు నేను చూస్తాను, ఆ తర్వాత పాత చందమామలోంచి నేను ఒక కథ చదువుతాను, వాడు వింటాడు. మొదటి రోజు బేతాళ కథ. విక్రమార్కుడు సరైన జవాబు చెప్పాడు. మౌనం పోయింది. శవంతో సహా బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు.

వాడు లేచి కూర్చున్నాడు. "అదేంటి మామయ్యా, కరెక్టు చెప్పినా మళ్ళీ మొదటికేనా? సేవ్ చేసుకోడానికి లేదా ఆయనకి?"

లేదన్నాను.

"మరెన్ని లెవెల్సు?"

చాలా ఉన్నాయన్నాను. రెండో కథ కూడా చదవమన్నాడు. నాలుగో ఆదివారానికి, ఆ పేజీలో పెద్ద అక్షరాలు తనే కూడబలుక్కుని చదవడం మొదలెట్టాడు. బొమ్మలో బేతాళుడు ఎవరి మీద ఎగతాళిగా నవ్వుతున్నాడో తెలుసుకోవాలట! ఇంకా తడబడుతూనే ఉన్నాడు. పడితే లేవడం వాడికి ఆటల్లో అలవాటే కదా.

కాబట్టి, అమ్మలారా, అయ్యలారా, ఫోను లాక్కోవడం అందరికీ చేతనవుతుంది. ఈ ఆదివారం ఒక్కసారి మీ వాడి పక్కన కూర్చుని, "ఏమిట్రా నీ ఆటలో కథ?" అని అడిగి చూడండి. వాడు చెప్పాక మీ దగ్గరున్న కథ మీరు చెప్పండి. చెప్పడానికి మన దగ్గర తక్కువేం లేవు.

ఏమంటారు?